కట్టు కట్టిన చెవులు

కట్టు విప్పొద్దని పాలేరు పుల్లయ్య మూడుసార్లు బతిమాలాడు. మూడోసారి మాట అతని నోట్లో ఉండగానే పుష్పవతి విప్పేసింది.

విప్పీ విప్పకముందే గొడ్లపాకంతా కంపు కొట్టింది. పేడ కంపు కాదు, మురిగిన కుడితి కంపూ కాదు. పేగుల్ని పట్టి లాగే కంపు. నాలుగు నెలల కుక్కపిల్ల చెవికి లోపలివైపు వెదురుబద్ద పెట్టి, పాత పంచె పేలికతో చుట్టి, పైన సైకిలు ట్యూబులకి రాసే సొల్యూషన్ పూసి బిగించిన కట్టు అది. పేలికతో పాటు చెవి అంచు తోలు కూడా ఊడి వచ్చింది. కింద చీము. ఆ చీములో సన్నగా, తెల్లగా ఏవో మెదిలాయి.

"పురుగులు పుల్లయ్యా," అంది పుష్పవతి. "బతికున్న చెవిలో పురుగులు."

పిల్ల అరవలేదు. అరిచే ఓపిక కూడా అయిపోయినట్టుంది. తల ఆమె మోకాలికి ఆనించి, వణుకుతూ ఊరుకుంది.

పుష్పవతి లేచి గోడ దగ్గరికి పరుగెత్తింది. పొద్దున తాగిన కాఫీ అంతా కక్కేసింది.

వసారాలోంచి అత్తగారు రత్తమ్మ గొంతు లేచింది. "మూడో నెల కడుపుతో ఉన్నదానివి, ఆ పాకలోకి నిన్నెవరు పొమ్మన్నారే? వేవిళ్ళ మనిషికి అన్నీ కంపే. ప్రసాదు నా కడుపులో ఉన్నప్పుడు నాకు ఇంగువ పడేది కాదు. ఇంట్లో ఇంగువే వద్దన్నానా నేను?"

పది రోజులుగా ఇదే మాట. పాకలో ఏదో కుళ్ళుతోందని పుష్పవతి మొత్తుకుంటే అత్త వేవిళ్ళంది, మొగుడు వేవిళ్ళన్నాడు, నీళ్ళు మోసే మనిషి కూడా నవ్వి వేవిళ్ళంది. చివరికి తనకే అనుమానం వచ్చింది, నిజంగా తన ముక్కులోనే ఉందేమో ఈ రోతని. ఇప్పుడు చీము తన వేళ్ళకి అంటుకుని ఉంది. ఇది ఎవరి వేవిళ్ళు?

ఆమె చెయ్యి కడుక్కోకుండానే ఇంట్లోకి నడిచింది.

భవానీప్రసాద్ అద్దం ముందు నిలబడి మీసం సరిచేసుకుంటున్నాడు. పది గంటల బస్సుకి నందిగామ నుంచి పంతులమ్మ వస్తుంది, కుక్కపిల్లని చూసి కొనుక్కోవడానికి. అందుకని ఇస్త్రీ చొక్కా వేశాడు. జగ్గయ్యపేటలో ఆల్సేషన్ కుక్కలంటే ప్రసాదు గారి కుక్కలే అని నలుగురూ అనుకోవడం కంటే అతనికి కావలసింది ఇంకోటి లేదు. సంతలో ఎడ్ల జత గురించి తండ్రిని జనం పొగిడేవాళ్ళు. తనని కుక్కల గురించి పొగడాలి. అంతే అతని యావ.

"చూడండి," అంది పుష్పవతి, చెయ్యి ముందుకు చాపి.

"ఛీ, ఏంటది? దూరం పో!"

"మీరు కట్టించిన కట్టు. చెవి కుళ్ళిపోయింది. పురుగులు పడ్డాయి."

"కట్టు విప్పావా?" అతనికి చెవి సంగతి పట్టలేదు. కట్టు సంగతే పట్టింది. "ఇంకో గంటలో మనిషి వస్తుంటే కట్టు విప్పుతావా? బుద్ధుందా నీకు?"

"నాకు లేకపోతే లేదు. మీకుందా? కోడెదూడ కొమ్ములకి కట్టినట్టు కుక్కపిల్ల చెవులకి కడతారా ఎవరన్నా?"

"మా నాన్న కట్టించిన కొమ్ములు చూడ్డానికి ఏటి అవతల నుంచి వచ్చేవాళ్ళు. వంకర కొమ్ము ఆర్నెల్లలో నిలువుకొచ్చేది. ఆ కొమ్ములు కట్టిన పుల్లయ్యే ఈ చెవులూ కట్టాడు. ఎట్లా కట్టాలో వాడికి తెలుసు, నాకు తెలుసు."

"కొమ్మూ చెవీ ఒకటేనా?"

"వాలిన చెవులతో పంపితే ఏమైందో చూశావుగా!" అతని మొహం కందిపోయింది. "ప్లీడరు వరప్రసాదరావు పదిమందిలో ఏమన్నాడు? ప్రసాదు కుక్కపిల్లని ఇమ్మంటే మేకపిల్లనిచ్చాడన్నాడు. కోర్టు వరండా అంతా నవ్వింది. పిల్లని రిక్షాలో పెట్టి తిప్పి పంపాడు. ఆ నవ్వు నువ్వు వినలేదు, నేను విన్నా. ఇంకోసారి వినే ఓపిక నాకు లేదు."

పుష్పవతి అతన్ని తేరిపార చూసింది. ఆ ప్లీడరు నవ్విన నవ్వుకి కుక్కపిల్లల చెవులు బలి. ఇదా ఈయన గారి మగతనం!

"తల్లి డైసీ ఉంటే వీటిని నాకి నాకి బాగు చేసుకునేది," అంది. "డైసీ ఎప్పుడొస్తుంది? బెజవాడ డాక్టరు దగ్గరికి పంపి నెల దాటింది. ఏం జబ్బు అది, నెల రోజులు?"

అతను దువ్వెన జేబులో పెట్టుకున్నాడు. మీసం మరోసారి చూసుకున్నాడు. మాట దాటెయ్యడం అతనికి తెలిసిన పాత విద్య, ఆమె ఎరుగును.

డైసీ ఆమెది. మిలిటరీలో ఉన్న తమ్ముడు చిన్నబాబు మూడేళ్ళ కిందట సెలవులో వస్తూ, సంచిలో పెట్టుకుని రైల్లో తెచ్చి ఒళ్ళో పెట్టాడు. "అక్కా, నీకే," అన్నాడు. అప్పుడు దాని చెవులూ వాలే ఉన్నాయి. ఆరో నెలలో ఒక చెవి లేచింది, మళ్ళీ పడింది, తర్వాత రెండూ లేచాయి. ఎవరూ కట్టలేదు. ఈ మాట మొగుడికి ఎన్నిసార్లు చెప్పిందో! అప్పుడు పట్టించుకుని చూడలేదు కాబట్టి అతను ఇప్పుడూ నమ్మడు.

* * *

పంతులమ్మ దేవమణి పదిన్నరకి వచ్చింది. నలభై దాటిన మనిషి, పొడుగరి, నల్ల అంచు తెల్లచీర, చేతిలో గొడుగు. నందిగామలో ఆడపిల్లల హాస్టలు చూసుకుంటుంది.

రత్తమ్మ వసారాలోంచి కదలకుండానే కళ్ళతో కొలిచింది. "అక్కడే, ఆ గోనె మీద కూచో అమ్మా. అరుగు ఇప్పుడే అలికించా," అంది. అరుగు అలికి మూడు రోజులైంది.

"నిలబడతానండి," అంది దేవమణి. "బస్సులో కూచునే వచ్చా."

ఆ జవాబులో కోపం లేదు, వంగడమూ లేదు. తలుపు చాటున నిలబడి విన్న పుష్పవతికి సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. పాకలో పురుగులు పడుతుంటే ముక్కు మూసుకోని అత్తగారు, ఉతికిన చీర కట్టుకుని వచ్చిన మనిషిని చూసి అరుగు దాచుకుంటోంది. థూ, ఏం మడి ఇది?

భవానీప్రసాద్ నవ్వుతూ ఎదురెళ్ళాడు. "రండి, రండి. హాస్టలుకి కాపలా కావాలన్నారుగా. మా పిల్లని పెట్టుకుంటే ఇంక మీకు బెంగుండదు."

"బెంగతోనే వచ్చానండి. వానలకి వెనక గోడ కూలింది. ముప్ఫై రెండు మంది పిల్లలు. ఎవడో గోడ దాటి వచ్చి కిటికీలోంచి చెయ్యి పెట్టి ఓ పిల్ల జడ పట్టుకు లాగాడు. అప్పట్నుంచి ఒక్క పిల్లా కంటినిండా నిద్రపోవట్లా. గోడ కట్టించమని ఎన్ని అర్జీలు పెట్టినా ఇసుక కూడా రాలేదు. కుక్కనన్నా తెచ్చుకుందామని."

పుల్లయ్య మూడు పిల్లల్ని తెచ్చి ముంగిట్లో వదిలాడు. రెండింటి చెవులకి కట్లు ఉన్నాయి, ఎర్ర గుడ్డతో పైన అందంగా చుట్టారు. మూడోదానికి కట్టు లేదు. అది ఆడపిల్ల. ఎన్నిసార్లు కట్టినా గోకి గోకి తెంపుకునేది, చివరికి పుల్లయ్య దాన్ని వదిలేశాడు. పుష్పవతి కట్టు విప్పిన నాలుగోది పాకలోనే ఉంది.

దేవమణి గొడుగు గోడకి ఆనించి కింద కూచుంది. మట్టిలోనే కూచుంది. పిల్లల్ని పిలవలేదు, వాటంతట అవి వచ్చేదాకా ఆగింది. కట్టు ఉన్న పిల్ల తల పట్టుకుని దగ్గరికి తీసుకోగానే ఆమె ముక్కుపుటాలు అదిరాయి.

"ఇదేం వాసనండి?"

"పక్కనే గొడ్లపాక కదా," అన్నాడు భవానీప్రసాద్.

"గొడ్ల వాసన నాకు తెలుసండి. ఈ కట్టెందుకు?"

"చెవులు నిలబడటానికి. జాతి కుక్కలకి అట్లా కడతారు."

"ఎన్నో నెల?"

"నాలుగు నిండాయి."

"నాలుగో నెలలో చెవులు వాలితే తప్పేంటండి?" దేవమణి గొంతు పెంచలేదు. "పాలపళ్ళు ఊడి కొత్త పళ్ళు వచ్చే వయసిది. చెవులు లేస్తాయి, పడతాయి, ఒకటి లేచి ఒకటి పడుతుంది. ఆరు, ఏడు నెలలు ఆగితే వాటికవే లేస్తాయి. లేవకపోతే మాత్రం ఏం, చెవితో కరుస్తుందా కుక్క? మా నాన్న ఇశ్రాయేలు బెజవాడలో ఓ రైల్వే దొర దగ్గర ఇరవై ఏళ్ళు కుక్కల పని చేశాడు. నేను వాటి మధ్యే పెరిగా. ఒక్కదానికీ కట్టు కట్టిన పాపాన పోలేదు."

ఆమె కట్టు లేని పిల్లని ఎత్తి చూపించింది. దాని కుడి చెవి నిటారుగా లేచి ఉంది. ఎడమది సగం లేచి, కొస మాత్రం వంగింది.

"చూడండి, దీనికెవరు కట్టారు?"

భవానీప్రసాద్ ఆ పిల్ల వంక మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. పుల్లయ్య తల పూర్తిగా దించేశాడు. జీవితంలో నలభై జతల కొమ్ములు తీర్చిన మనిషి, తన చేతుల వంక చూసుకుంటూ నిలబడ్డాడు.

"సరే, దాన్నే తీసుకెళ్ళండి," అన్నాడు భవానీప్రసాద్, తెచ్చిపెట్టుకున్న నవ్వుతో.

"తల్లిని చూస్తానండి."

"తల్లిదేముంది, పిల్ల బాగుంటే చాలదూ?"

"తల్లిని చూడకుండా పిల్లని తీసుకోకూడదనేవాడు మా నాన్న. తల్లి ఎట్లా ఉంది, ఎక్కడ పడుకుంటుంది, మనిషిని చూస్తే తోక ఊపుతుందా, నక్కుతుందా. అది చూస్తే పిల్ల సంగతి తెలుస్తుంది. పెంచినవాళ్ళ సంగతీ తెలుస్తుంది. ముప్ఫై మంది ఆడపిల్లల మధ్య వదలాల్సిన కుక్కండి. ఊరికే తీసుకుపోలేను."

"తల్లి చచ్చిపోయింది," అన్నాడు భవానీప్రసాద్.

ఎంత సులువుగా అన్నాడు! చొక్కా మీద దుమ్ము దులుపుకున్నంత సులువుగా.

వసారాలో రత్తమ్మ వక్క కొరికిన చప్పుడు వినిపించింది.

పుష్పవతి తలుపు చాటు నుంచి బయటికి వచ్చింది. పరాయి మనిషి ముందుకి ఇట్లా రావడం ఆ ఇంట్లో లేదు. "ఎప్పుడు?" అంది.

"నువ్వు లోపలికెళ్ళు."

"ఎప్పుడు చచ్చిపోయింది?"

"పోయిన వారం. బెజవాడలోనే. వట్టి మనిషివి కాదు, దిగులు పెట్టుకుంటావని చెప్పలేదు. లోపలికెళ్ళమన్నానా?"

ఒక్క క్షణం ఆమె నమ్మింది. డైసీ మెడ మీద ఉన్న మెత్తటి బొచ్చు చేతికి తగిలినట్టయింది. అప్పుడే పుల్లయ్య కాళ్ళు మార్చుకుంటూ, భుజం మీది తువాలు తీసి మళ్ళీ వేసుకోవడం చూసింది. అతను అబద్ధం దగ్గర నిలబడలేని మనిషి.

"పుల్లయ్యా, నువ్వు చూశావా? ఎక్కడ పూడ్చారు?"

"నన్నడగమాకమ్మా."

"నిన్నే అడుగుతున్నా."

పుల్లయ్య అయ్యగారి వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "బతికున్నదాన్ని ఎట్టా పూడుస్తామమ్మా?" అన్నాడు.

భవానీప్రసాద్ చెయ్యెత్తాడు. దేవమణి అక్కడే ఉండబట్టి ఆ చెయ్యి గాలిలో ఆగింది.

"తోటలో ఉందమ్మా," పుల్లయ్య ఇక ఆగలేకపోయాడు. "పాత పొగాకు బ్యారన్లో. రోజూ గంజి పోసేది నేనే."

పుష్పవతి మెట్లు దిగింది. చెప్పులు కూడా వేసుకోలేదు. "రండి పంతులమ్మగారూ. తల్లిని చూపిస్తా."

"ఏమేవ్! ఎండలో, ఆవిడతో కలిసి రోడ్డు మీద నడుస్తావా?" రత్తమ్మ కేక పెట్టింది. "నలుగురు చూస్తే ఏమంటారే!"

"ఏమంటారో వచ్చాక చెప్పండి అత్తయ్యా," అంది పుష్పవతి.

* * *

తోట నందిగామ రోడ్డు పక్కనే, ఇంటికి అరమైలు. అక్కడ సెగ పెట్టి పొగాకు ఆరబెట్టడం మానేసి నాలుగేళ్ళయింది. కిటికీల్లేని ఎత్తైన బ్యారన్, ఇనప రేకు తలుపు. తలుపు కింద సందులోంచి నల్లటి నీళ్ళు కారి మట్టిలో ఎండిపోయాయి. వాటి మీద ఈగలు దట్టంగా ముసిరాయి.

పుల్లయ్య గొళ్ళెం తీశాడు.

ముందు బయటికి దూసుకొచ్చింది టైగర్. డైసీ మొదటి కాన్పులో పుట్టిన మగపిల్ల, ఇప్పుడు నడుమెత్తు కుక్క. పుల్లయ్య దాని మెడపట్టీ పట్టుకుని చింతచెట్టుకి కట్టేశాడు. అది గింజుకుంటూ బ్యారన్ వైపే చూస్తూ, నాలుక వేలాడేసి చొంగ కార్చింది.

లోపల చీకటి. కళ్ళు అలవాటు పడేదాకా పుష్పవతికి కంపు తప్ప ఏమీ తెలియలేదు. పాత పొగాకు ఘాటు, ఉచ్చ, పులిసిన గంజి, అన్నీ కలిసి గొంతులో ముద్దలా అడ్డుపడ్డాయి. తర్వాత మూలలో ఏదో కదిలింది.

అది డైసీయే. కాదనుకోవాలని ఆమె ఎంతో ప్రయత్నించింది. వీపు మీద బొచ్చు లేదు, గజ్జి పట్టి తోలు ఏనుగు చర్మంలా ముడతలు పడింది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. పాలు కుడిపిన రొమ్ములు తోలుసంచుల్లా నేలకి వేలాడుతున్నాయి. మెడ వెనక పంటిగాట్లు. తోక మాత్రం నేల మీద ఒకసారి కొట్టుకుంది, రెండోసారి కొట్టుకుంది. ఆమెని గుర్తుపట్టింది.

"ఎదకొచ్చి ఉంది," అంది దేవమణి, వంగి చూసి. "ఇట్లాంటి ఒంటితో ఎదకొచ్చి ఉంది. లోపల ఆ మగదాన్ని ఎందుకు పెట్టారు?"

పుల్లయ్య బయట కట్టేసిన టైగర్ వైపు చూశాడు.

"ఎందుకు పెట్టారని అడుగుతున్నారు," అంది పుష్పవతి.

"దాటించడానికమ్మా. నాలుగు రోజులయింది. మగకుక్క కోసం బెజవాడ తిరగటం ఎందుకు, ఇంట్లోనే ఉందిగా అన్నారు అయ్యగారు."

"టైగర్ దీని కొడుకు పుల్లయ్యా."

"నేనూ అదే అన్నానమ్మా. కుక్కలకి వరసలేంట్రా అన్నారు." అతను తువాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఇంట్లో ఉన్న నాలుగు పిల్లలు కూడా టైగర్‌వేనమ్మా. ఇది రెండోసారి."

పుష్పవతి బయటికి వచ్చి గోడ పట్టుకుంది. ఈసారి కక్కడానికి కడుపులో ఏమీ లేదు. చేదు నీళ్ళు వచ్చాయి. ఆ చేదు కుక్క మీద కాదు, గజ్జి మీద కాదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, మీసం దువ్వుకుని, చచ్చిపోయిందని సులువుగా చెప్పిన ఆ మొహం మీద. ఆ మొహంతో తను ఒకే కంచంలో తిన్నది. తలుచుకుంటే తన ఒళ్ళంటే తనకే రోత పుట్టింది.

దేవమణి చీర కొంగుతో ఆమె నోరు తుడిచింది. ఆ తుడిచిన చెయ్యి ఎవరిదీ ఏమిటీ అని పుష్పవతికి తోచనే లేదు.

"నాకు ఆ పిల్లలొద్దమ్మా," అంది దేవమణి మెల్లగా. "తల్లీకొడుకులకి పుట్టినవి, రేపు ఏ రోగం బయటపడుతుందో. వాటిని మీరే సాకండి. కట్లు విప్పి, ఉప్పునీళ్ళతో కడిగి, సీతాఫలం ఆకు నూరి పెడితే పురుగు చస్తుంది. పుల్లయ్యా, చేస్తావా?"

"ఇంటికెళ్ళగానే చేస్తానమ్మా. నా చేత్తో కట్టినవి, నా చేత్తోనే విప్పుతా."

"ఈ తల్లిని నాకివ్వండి."

పుష్పవతి తలెత్తింది. "దీన్నా? ఇది కాపలా ఏం కాస్తుంది? నిలబడనే లేదు."

"తిండి పెడితే నిలబడుతుంది. ఇన్ని జరిగినా మనిషిని చూసి తోక ఊపింది. అట్లాంటి కుక్కే మా పిల్లల మధ్య ఉండాలి. ఇక్కడుంటే ఇంకో కాన్పుకి బతకదమ్మా. ఇప్పటికే ఆలస్యమైందేమో."

సైకిలు గంట వినిపించింది. భవానీప్రసాద్ గేటు దగ్గర దిగి, సైకిలు స్టాండు వేసి, తాపీగా నడిచి వచ్చాడు. చొక్కా ఇంకా నలగలేదు.

"చూశారుగా, అయిపోయిందిగా," అన్నాడు. "పుల్లయ్యా, తలుపు వెయ్యి."

"డైసీని ఇచ్చేస్తున్నా," అంది పుష్పవతి.

"ఎవరు ఇవ్వడానికి?"

"నేను. మా తమ్ముడు నాకిచ్చాడు."

"నా తిండి తిన్న కుక్క నాది. ఊరంతా ప్రసాదు కుక్క అంటుంది కానీ పుష్పవతి కుక్క అనదు." అతను దేవమణి వంక చూడకుండానే అన్నాడు, "జాతి కుక్కని తీసుకెళ్ళి ఆ పేట పిల్లల మధ్య కట్టేస్తావా? ప్లీడరు మేకపిల్లన్నాడు. రేపు ఏమంటాడో తెలుసా?"

"ఆ పేట పిల్లలు మీ ఇంటి కంటే శుభ్రంగా ఉంటారండి," అంది దేవమణి. "రోజూ స్నానం చేస్తారు. ఎవరి చెవులూ కుళ్ళబెట్టరు."

పుష్పవతి మళ్ళీ బ్యారన్లోకి వెళ్ళింది. మూలలో కూచుని గొలుసు విప్పింది. కొస తెచ్చి దేవమణి చేతిలో పెట్టింది. భవానీప్రసాద్ అడ్డం రాలేదు. చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. అతనికి ఏదో తెలుసు, ఆ నమ్మకం మొహంలో కనిపించింది.

దేవమణి గొలుసు పట్టుకుని గేటు దాకా నడిచింది. డైసీ నాలుగడుగులు తూలుతూ నడిచి ఆగింది. వెనక్కి తిరిగి పుష్పవతిని చూసింది. లాగితే కూలబడింది. బుజ్జగించినా లేవలేదు. పుష్పవతి ఒకడుగు ముందుకేస్తే లేచింది, ఆమె ఆగితే మళ్ళీ కూలబడింది.

భవానీప్రసాద్ నవ్వాడు. "చూశావా? నువ్వు లేకుండా కదలదు. నువ్వెటూ గేటు దాటవు. కాబట్టి కుక్కా ఇక్కడే, నువ్వూ ఇక్కడే. పద ఇంటికి."

జగ్గయ్యపేట వైపు నుంచి బస్సు వస్తోంది. దుమ్ము లేచింది. దేవమణి చెయ్యెత్తి ఆపింది.

పుష్పవతి గేటు దాటింది. డైసీ ఆమె వెంట రోడ్డెక్కింది.

కండక్టరు మెట్టు మీద నిలబడి గజ్జి కుక్కని చూసి మొహం తిప్పుకున్నాడు. "అమ్మో, ఆ కుక్కని ఎక్కించడం కుదరదమ్మా. ప్యాసింజర్లు కొడతారు నన్ను."

"వెనక పైన, సామాన్ల దగ్గర..." అంది దేవమణి.

"ఎక్కడా కుదరదు. రైట్, రైట్!"

బస్సు వెళ్ళిపోయింది. దుమ్ము సర్దుకునేసరికి రోడ్డు మీద ఇద్దరు ఆడవాళ్ళు, ఒక కుక్క మిగిలారు. పుష్పవతి కాళ్ళకి చెప్పుల్లేవు. మిట్టమధ్యాహ్నం ఎండ కంకర మీద చురుక్కుమంది.

"నందిగామ ఎంత దూరం?" అంది.

"పద్దెనిమిది మైళ్ళు. మీరు నడవలేరమ్మా, అదీ ఈ స్థితిలో. వద్దు. నా వల్ల మీ కాపురం..."

"చిల్లకల్లు ఎంతసేపు?"

"చిల్లకల్లు పొద్దుండగానే చేరతాం. మా వాళ్ళుంటారు అక్కడ, బండి కట్టిస్తారు. కానీ..."

గేటు లోపల నుంచి భవానీప్రసాద్ గొంతు వినిపించింది, వాళ్ళకి వినపడాలనే అన్నాడు. "పుల్లయ్యా, గేటు తీసే ఉంచు. కాళ్ళు కాలగానే గంటలో తిరిగొస్తుంది."

పుష్పవతి గేటు వైపు తిరిగింది. డైసీ ఆమె వెనకే లేచి నిలబడింది. భవానీప్రసాద్ మీసం కింద నవ్వు పెద్దదయింది. గంట కూడా పట్టలేదనుకున్నాడు కాబోలు.

ఆమె గేటు దాకా వచ్చి, రెండు రెక్కలూ బయటి వైపుకి లాగి మూసింది. ఊచల సందులోంచి చెయ్యి పెట్టి గడియ బిగించింది.

"టైగర్‌ని విప్పొద్దు పుల్లయ్యా," అంది. "దీని వాసనకి వెంటపడి వస్తుంది."

తర్వాత వెళ్ళి గొలుసు తన చేతిలోకి తీసుకుని, రోడ్డు వారన మట్టి మీద నడవడం మొదలుపెట్టింది.